పడవ కొందామా?

హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన, నాలా పక్కన ఇల్లు. గట్టి వాన పడితే గల్లీలోకి రబ్బరు పడవ వస్తుంది. దాని కోసం ఎదురుచూసే బదులు మనమే ఒకటి కొనుక్కుంటే పోలేదా అని అశోక్‌నగర్‌లో ఒక అపార్టుమెంటు సంఘం లెక్క వేసింది. ఆ లెక్క శ్రీకాకుళం ఒడ్డు దాకా పోయింది.

మా అపార్టుమెంటు సంఘం మీటింగంటే మేడ మీద, వాటర్ ట్యాంకు నీడన, పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కు టీ. పోయిన నెల మీటింగుకు సెక్రటరీగారు కాగితం మీద మూడు అంశాలు రాసుకొచ్చారు. ఒకటి లిఫ్టు రిపేరు, రెండు బోరు మోటారు, మూడు పడవ.

మూడోది వినగానే నవ్వినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ 2020 వరద తర్వాత అద్దెకు దిగినవాళ్లు.

ప్రతిపాదన రెండో అంతస్తు ఇంజనీరుగారిది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి నీళ్ల విషయంలో ఆయన మాటకు మా దగ్గర కాస్త విలువ ఎక్కువ. ఫోనులో బొమ్మ చూపించారు. నారింజ రంగు గాలి పడవ, నలుగురు పడతారు, రెండు తెడ్లు, కాలితో తొక్కే పంపు. "ఫ్లాటుకు మూడు వేలేసుకుంటే చాలు. మడతపెట్టి మెట్ల కింద తోసేద్దాం" అన్నారు.

"గా నాలుగు రోజుల కోసం పడవేంది సార్? అదేమన్న కుక్కనా, మెట్ల కింద కట్టేసుకోనీకి?" అన్నాడు మూడో అంతస్తు తమ్ముడు.

"ఆ నాలుగు రోజుల్లోనే కదయ్యా మీ అమ్మగారిని భుజాన ఎత్తుకుని మోశావు?"

తమ్ముడు ఇంకేమీ అనలేదు. కాసేపు ఎవరమూ ఏమీ అనలేదు.

అప్పుడు టీ పోస్తున్న మా వాచ్‌మన్ నోరు విప్పాడు. ఆయనది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. పిల్లల చదువుల కోసం హైదరాబాదు రాకముందు పదిహేనేళ్లు వేట చేశాడు. ఆ ఒడ్డున వేటంటే చేపల వేటే.

"పడవంటే గేదె లాటిది బాబూ. పాలిచ్చినా ఇవ్వకపోయినా మేతెయ్యాల. ఒట్టిపోయింది కదాని గాలికొగ్గేస్తే, అవసరానికి లెగదు."

ఆ రెండు రోజులు

2020 అక్టోబరు 13, మంగళవారం. ఆ రోజు పట్టుకున్న వాన రాత్రయినా వదల్లేదు. మర్నాటి ఉదయానికి బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు నమోదైంది. శివారున ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. వందేళ్లలో అక్టోబరు నెలలో హైదరాబాదు అంత వాన చూడలేదు.

ఈ అంకెలన్నీ తర్వాత తెలిశాయి. మాకు ముందు వినిపించింది చప్పుడు. సెల్లారులో నిలబెట్టిన బండ్లు నీళ్లలో లేచి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత వాసన. నాలా వాసన మాకు కొత్త కాదు గానీ, అది మెట్లెక్కి మొదటి అంతస్తు దాకా రావడం కొత్త. కరెంటు లేదు. పక్క హాస్టల్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలు, కరోనాకు ఊళ్లకు వెళ్లి అప్పుడప్పుడే తిరిగొచ్చినవాళ్లు, నోట్సుల కట్టలు నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో చిక్కడపల్లి లైబ్రరీ వైపు నడిచారు. నారాయణగూడలో చుట్టాలున్నవాళ్లు చీకట్లోనే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దెక్కాక పడవ వచ్చింది. ఎవరు పంపారో అడిగే ఓపిక మాకు లేదు. రబ్బరు పడవ, వెనక ఇంజను, నలుగురు మనుషులు. గల్లీ మొగదలలో ఇంజను మోత వినగానే మేడల మీద చప్పట్లు కొట్టాం. మా గేటుకు రెండిళ్ల అవతల మోత ఆగిపోయింది. ఇంజను అడుగున తిరిగే రెక్కకు తెగిపడ్డ కేబుల్ టీవీ వైరు చుట్టుకుంది. వాళ్ల దగ్గర కత్తి లేదు. ఎదురింటి పిన్నిగారు కూరగాయల కత్తిని చీరె అంచు పీలికకు కట్టి బాల్కనీలోంచి దించారు. వైరు కోసేలోపు పడవ వాలుకు జరిగి పక్కింటి ఇనుప గేటుకు ఆనుకుంది. ఆ గేటు మీది బల్లేలు దొంగల కోసం పెట్టించినవి. ఆ రోజు అవి నీటికి బెత్తెడు కింద ఉన్నాయి.

బుస్సుమని ఒక పక్క గాలి పోయింది. గాలి పడవకు లోపల అరలుంటాయి గనక మునగలేదు, ఒక పక్కకు వాలి తేలింది. ఆ తర్వాత హాస్టల్ కుర్రాళ్లు దానికి తాడు కట్టి ఎడ్లబండిలా లాక్కుపోయారు. తమ్ముడికి వాళ్లమ్మను అందులో ఎక్కించే ధైర్యం చాల్లేదు. అందుకే భుజం.

పడవలో వచ్చినవాళ్లను ఒక్క మాట అనలేను. రాత్రంతా నిద్ర లేని కళ్లు. ఒకతను మా దగ్గర మంచినీళ్లు తాగుతూ చెప్పాడు: "ఎప్పుడో కొన్నది సార్ ఇది. ఇయ్యాలనే పెట్టెలకెళ్లి తీసినం."

వాచ్‌మన్ గేదె మాట ఎత్తగానే నాకు గుర్తొచ్చింది ఆ పెట్టె.

కట్ట పైన, కట్ట కింద

హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది. హుస్సేన్‌సాగర్ అప్పటికే ముప్ఫై ఏళ్ల చెరువు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టించాడు. దాని పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. వానాకాలంలో టీవీ అడుగున పరిగెత్తే ఈ అంకె మా వీధిలో బడి పిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ మట్టం దాటిన నీరు మారియట్ హోటల్ పక్కనున్న అలుగు మీదుగా దిగి కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్ ఇళ్ల సందుల్లోంచి సాగి గోల్నాక వైపు మూసీలో కలుస్తుంది. పెద్దలు దాన్ని వాగు అనేవారు. మేం నాలా అంటాం. పేరు మారినంత మాత్రాన వాగు తన వాటా అడగడం మానలేదు.

మా వీధి పెద్దవాళ్లు 2000 ఆగస్టు 24ను ఇప్పటికీ 'మొదటి నీళ్లు' అంటారు. ఆ రోజు బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 వాళ్లకు 'రెండో నీళ్లు'. మధ్యలో కమిటీలు వచ్చాయి, నివేదికలు వచ్చాయి. 2020 తర్వాత నాలాకు గట్టి గోడలు కట్టే పని మొదలైంది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా రెండుంపావు కిలోమీటర్ల ఉక్కు వంతెన తెరిచారు. దాని మీద వెళ్లేవారికి కింద నాలా ఉన్న సంగతే తెలియదు. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్టాండులోకే నీళ్లొచ్చేసరికి మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ పడవ బొమ్మలు తిరగడం మొదలైంది. ఇంజనీరుగారి మూడో అంశం అక్కడ పుట్టింది.

మనం గొడుగులు వెతికే నెలలో

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, అదే చెరువు మీద, పడవలంటే బొత్తిగా వేరే లోకం.

జులైలో నైరుతి గాలి బలంగా వీస్తుంది. మా వీధి సెల్లారు గుమ్మానికి ఇసుక బస్తాలు పేర్చే రోజుల్లో సికింద్రాబాదు వైపు ఒడ్డున తెరచాపలు లేస్తాయి. సైనిక ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ నడిపే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఆ నెల పండుగే. సముద్రం లేని ఊరు, దేశంలో తెరచాప పోటీలకు పేరున్న నీళ్లలో ఒకటి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇంకో అడుగు వేసి, పడవ మొహం చూడని సర్కారు బడి పిల్లల్ని తెచ్చి ఎక్కించింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున పడవ నడిపింది.

పిల్లలు ఎక్కే పడవ పేరు ఆప్టిమిస్ట్. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, ముందు భాగం కోసేసినట్టు మొండిగా ఉంటుంది. చూస్తే పశువుల కుడితి తొట్టికి తెరచాప కట్టినట్టే. పదిహేనేళ్లు దాటితే అందులో పోటీకి రానివ్వరు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పడవల మేస్త్రి, తక్కువ ఖర్చుతో పిల్లలు సొంతంగా నడుపుకోవాలని గీసిన నమూనా ఇది.

నన్ను ఆకట్టుకున్నది దాని వేగం కాదు, దానికి కట్టి ఉన్న వస్తువులు. గాలి నింపిన మూడు సంచులు, బోల్తా పడ్డా మునగకుండా. ముందు కొసకు ఒక తాడు, ఎవరైనా లాగడానికి. ఒక చిన్న తెడ్డు. నీళ్లు తోడే డబ్బా, అదీ తాడుతో పడవకే కట్టి. చాలా పడవల్లో ఆ డబ్బా మూతి కోసిన ప్లాస్టిక్ క్యానే. పోటీకి ముందు ఇవన్నీ ఉన్నాయో లేదో చూస్తారు. ఇక నేర్పే పద్ధతి. మొదటి రోజుల్లోనే పడవను కావాలని బోర్లా వేయిస్తారు. పిల్లాడు నీళ్లలో పడి, తేలి, అడుగు పలక పట్టుకుని వేలాడి, పడవను మళ్లీ నిలబెట్టాలి. భయం తీరాకే తెరచాప.

మా గల్లీలోకి వచ్చిన పడవలో కూరగాయల కత్తి కూడా లేదన్న సంగతి మరోసారి మనవి చేసుకుంటున్నాను.

మేత అంటే ఏమిటి?

వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి అడిగాను. ఆయన కూర్చోలేదు, మెట్ల మీద ఆనుకుని చెప్పాడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు సెలవు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పేపర్లో చదివే మనకు అది నిషేధం. ఒడ్డున అది పడవలకు వైద్యం చేసే కాలం. ఇసుక మీదికి లాగి బోర్లా వేస్తారు. ఏడాదంతా ఒడ్డుకు రాసుకున్న అడుగును గీకి, పగుళ్లలో ఫైబర్ పట్టీ వేసి జిగురు పూస్తారు. "ఆ జిగురు వాసనొస్తే మా పిల్లలకి ఎండాకాలం సెలవులొచ్చినట్టే బాబూ" అన్నాడు. చెక్క పడవల రోజుల్లో పలకల సందుల్లో దూది కూరి నూనె పట్టించేవారని వాళ్ల నాన్న చెప్పేవాడట.

ఇంజను సంగతి వేరు. దాన్ని పడవకు వదిలి రారు. వేట నుంచి రాగానే విప్పి, గెడకు కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఇంటికి మోసుకొస్తారు. డ్రమ్ములో మంచినీళ్లు పోసి అందులో ముంచి కాసేపు తిప్పుతారు, లోపలి ఉప్పు పోవాలని. "పక్కనుంచి సన్నగా నీళ్లు ఉమ్ముతాది. ఆ ధార ఆగితే ఇంజను కాలిపోతన్నట్టే. మీ గల్లీకొచ్చిన పడవకి ఆ ధార ఎవరైనా చూశారా?"

చూడలేదు. అదొకటి ఉంటుందనే తెలియదు. ఇంజనును చల్లబరిచే నీటిని లోపలికి తోడేది అరచేతిలో పట్టే రబ్బరు చక్రం. నీళ్లు లేకుండా ఊరికే స్టార్టు చేసి చూస్తే అది కాసేపట్లోనే చెడిపోతుంది. మా నాలా నీళ్లలోని బురద, ప్లాస్టిక్ సంచులు ఆ రంధ్రానికి అడ్డం పడినా అంతే. పైగా ఇప్పటి పెట్రోలులో అయిదో వంతు దాకా ఇథనాల్. అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి ఉంచేస్తే నీళ్లు విడిపోయి అడుగున చేరతాయి. వాన రోజున తాడు లాగితే ఇంజను దగ్గుతుంది తప్ప కదలదు.

ఇదంతా విన్నాక ఇంజనీరుగారు ఇంజను ఆలోచన మానుకున్నారు. "ఉత్త తెడ్ల పడవే కొందాం" అన్నారు. దానికీ మేత ఉందని ఆయనకు అప్పటికి తెలియదు.

[బాక్స్] గాలి పడవ ఇంట్లో ఉంటే

• కొనేటప్పుడు అరలు లెక్కపెట్టాలి. ఒక్క అర ఉన్నది బొమ్మ పడవ కింద లెక్క. మూడు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఒకటి పోయినా మిగతావి తేలుస్తాయి.

• పీవీసీ రకం చవక. ఎండకు అతుకుల జిగురు వదులుతుంది. హైపలాన్ అనే రబ్బరు పూత గుడ్డ ఎండకు తట్టుకుంటుంది, ధర ఎక్కువ.

• మే నెల ఎండలో మేడ మీద బిర్రుగా గాలి కొట్టి వదలకూడదు. లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడతాయి.

• వాడాక మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, టాల్కం పౌడరు చల్లి వదులుగా మడవాలి. తడి ఉంటే బూజు, అన్నం మెతుకు ఉంటే ఎలుక.

• రెండు మూడు నెలలకోసారి గాలి కొట్టి ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడాలి. మెత్తబడితే సబ్బు నీళ్లు రాయాలి, బుడగలు వచ్చిన చోటే చిల్లు.

• పట్టీ, జిగురు, పంపు, కత్తి, ఈల, టార్చి, పొడవాటి తాడు పడవతోనే ఒకే సంచిలో.

కచ్చులూరు దగ్గర

పడవ సరే, అందులో ఎక్కే మనిషి?

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరిలో ఆ రోజు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. ఎక్కిన 77 మందిలో 51 మంది తిరిగి రాలేదు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి, హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో చాలామంది. బతికిన 26 మందిని ఒడ్డుకు చేర్చిన చేతులు ఆ ఊరి గిరిజనులవి. యంత్రాలు వచ్చేలోపు వాళ్ల నాటు పడవలు వచ్చాయి.

తర్వాతి అధ్యాయం ఇంకా ఆసక్తికరం. లోతున, సుడిలో ఉన్న ఆ పడవను పైకి తెచ్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప తాళ్లు, పొక్లెయినర్లు, నీటి అడుగున వేళ్లతో తడిమి చెప్పగల ఈతగాళ్లు. మధ్యలో వరద పెరిగి పని ఆపాల్సి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టారు. అక్టోబరు 22న, 38వ రోజున, పడవ ఒడ్డెక్కింది.

అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. దానికి అనుమతే లేదు. 1990 మార్చి 10న మన హుస్సేన్‌సాగర్‌లోనే బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగి, వందల టన్నుల రాతి బుద్ధుడు పనివాళ్లతో సహా నీళ్లలోకి పోయాడు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో లేపి నిలబెట్టారు. పోయిన పనివాళ్ల పేర్లు టాంక్‌బండ్ మీద ఐస్‌క్రీము తినేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

నీళ్ల మీద నిప్పు కూడా ఉంటుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మొదలైన మంట పక్కపక్కనే కట్టి ఉన్న మర పడవల్ని వరసగా అంటుకుంది. దాదాపు 40 పడవలు కాలిపోయాయి. ట్యాంకుల్లో డీజిలు, వంటకు గ్యాసు బండలు, మంటకు ఇంకేం కావాలి? 2025 జనవరి 26న హుస్సేన్‌సాగర్ మధ్యలో పడవ మీద బాణసంచా కాలుస్తుండగా మంటలు లేచి రెండు పడవలు కాలిపోయాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో దేశీయ జలయానాల చట్టం తెచ్చారు. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా, నడిపేవాడికి ధ్రువపత్రం కావాలి. మా సెక్రటరీగారు ఇది విని, "మరి మన గల్లీ జలమార్గం కిందికి వస్తుందా?" అని సీరియస్‌గా అడిగారు. ఇంజనీరుగారు సమాధానం చెప్పకుండా టీ తాగారు.

[బాక్స్] జాకెట్ మీద అంకె

లైఫ్ జాకెట్ లోపలి చీటీ మీద 50, 100, 150 అని ఒక అంకె ఉంటుంది. అది న్యూటన్ల లెక్క. పది న్యూటన్లు అంటే సుమారు కిలో బరువును తేల్చే శక్తి. 50 అంకె ఉన్నది ఈత వచ్చి, ఒడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్లకు. స్పృహ తప్పిన మనిషి మొహాన్ని అది నీటి పైకి తిప్పదు. 100 నెమ్మది నీళ్లకు, 150 సముద్రానికి. మనిషి బరువును బట్టి సైజు. పెద్దల జాకెట్‌లో పిల్లను వేస్తే జాకెట్ తేలుతుంది, పిల్ల జారుతుంది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ అందుకే. దాన్ని బిగించకుండా వదిలేసి సెల్ఫీ దిగేవాళ్లను లుంబినీ పార్కు బోట్లలో ఎప్పుడైనా చూడొచ్చు.

లారీ ఎక్కిన పడవలు

2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు తీరపు ఊళ్ల మత్స్యకారులు తమ పడవల్ని లారీలెక్కించి లోపలి ఊళ్లకు తోలుకెళ్లారు. ఆ రాష్ట్ర ప్రభుత్వ లెక్కలో 669 పడవలు, 65 వేల మంది ప్రాణాలు. ఒక మత్స్యకారుడు నీళ్లలో వంగి తన వీపును మెట్టు చేస్తే, దాని మీద కాలు పెట్టి ఆడవాళ్లు పడవ ఎక్కిన దృశ్యం మనందరం చూశాం. 2020 అక్టోబరులో హైదరాబాదు కూడా పొరుగు రాష్ట్రాన్ని అడిగి స్పీడ్ బోట్లు తెప్పించుకుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచితే మళ్లీ అదే కథ, మేడల మీద జనం, దూరంగా పడవ మోత.

సముద్రం ఒడ్డున ఉన్న మచిలీపట్నం నుంచి మా వీధికి సుమారు 350 కిలోమీటర్లు. రోడ్లు బాగున్న రోజున ఏడెనిమిది గంటలు. వరద రోజున చెప్పలేం. అలాగని పడవ వాసనే తెలియని నేల కాదు తెలంగాణ. పాలమూరు వైపు కృష్ణ ఒడ్డున పుట్టి ఉంది. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప. ఒకప్పుడు దానికి తోలు తొడిగేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టా కప్పి తారు పూస్తారు. అడుగు చదునుగా ఉండి మోకాలి లోతు నీళ్లలోనూ తేలుతుంది. ఇంజను లేదు, వైరు చుట్టుకునే రెక్క లేదు, గేటు బల్లెం గుచ్చుకున్నా బుస్సుమనదు. నడిపే చెయ్యి మాత్రం కావాలి. కొత్తవాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ప్రతి సర్కిల్ ఆఫీసులో నాలుగు పుట్లు, పుట్టి తెలిసిన ఇద్దరు మనుషులు ఉంటే ఎలా ఉంటుందని మా మీటింగులో నేను అడిగితే అందరూ నవ్వారు. నగరానికి స్పీడ్ బోటు నప్పినట్టు పుట్టి నప్పదు కాబోలు.

2018లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి విపత్తు దళం పుట్టింది. 2024 జులైలో విపత్తుల కోసమే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక ఆ పని దాని కిందికి వెళ్లింది. వానొస్తే వాళ్ల కుర్రాళ్లు తెల్లార్లూ రోడ్ల మీదే ఉంటారు, కళ్లారా చూస్తున్నాం. వాళ్ల పడవల్ని ఫిబ్రవరిలో, ఎండలు ముదరక ముందు, ఎవరైనా గాలి కొట్టి చూస్తున్నారా అన్నదే నా ప్రశ్న. ఫిబ్రవరిలో ఆ పని చేసినవాడికి చప్పట్లు కొట్టడానికి మేడల మీద ఎవరూ ఉండరు.

మూడో అంశం ఏమైందంటే

రెండో మీటింగులో లెక్క తేలింది. పడవ ధర ఒక పక్క. ఏటా జిగురు, పట్టీలు, రెండు మూడు నెలలకోసారి గాలి కొట్టే మనిషి, ఎలుకల మందు ఇంకో పక్క. మెట్ల కింద చోటు లేదు, అక్కడ కరెంటు మీటర్లున్నాయి. తెడ్డు వేయడం ఎవరికి వచ్చని అడిగితే చేయెత్తింది వాచ్‌మన్ ఒక్కడే. ఆయన కూడా, "నాకు సంద్రంలో కెరటం తెలుసు బాబూ, మీ గేట్లూ మ్యాన్‌హోళ్లూ నాకేటి తెలుసు?" అన్నాడు. వీధి వరదలో తెడ్డు కన్నా పొడవాటి గెడ మేలట. ముందు పొడిచి లోతు చూసుకుని, అప్పుడు కదలాలట. ట్రాన్స్‌ఫార్మరు వైపు అసలు పోకూడదు, నీళ్లు గేటు దాటక ముందే మెయిన్ స్విచ్చు కట్టేయాలి. ఇవి ఇంజనీరుగారు కాగితం మీద రాసి లిఫ్టులో అతికించారు. లిఫ్టు రిపేరు ఇంకా కాలేదు.

చివరికి కొన్నవి: చీటీ మీద 100 అంకె ఉన్న జాకెట్లు పన్నెండు, అందులో పిల్లల సైజువి మూడు. ఈలలు పన్నెండు. యాభై మీటర్ల నైలాన్ తాడు. రెండు వెదురు గెడలు. సెక్రటరీగారు మీటర్ల మీద అటక వేయించి అక్కడ సర్దించారు.

పోయిన ఆదివారం పొద్దున మేడెక్కితే వాచ్‌మన్ ఆ జాకెట్లను బట్టల తీగ మీద వరసగా ఆరేస్తున్నాడు. అటకలో వారం రోజులకే చెమ్మ వాసన పట్టాయట. ఒక్కోదాని పట్టీ లాగి చూస్తున్నాడు, బిగించి వదులుతున్నాడు. ఒక దాని కుట్టు పీలికలు లేస్తే జేబులోంచి సూది దారం తీశాడు.

పక్క బిల్డింగు మేడ మీద వడియాలు పెడుతున్న పెద్దమ్మ చేయి ఆపి, తీగ మీది నారింజ వరస చూసి అడిగింది:

"ఏం దీక్ష బిడ్డా, ఎన్ని దినాలు?"

"ఏడాదంతాను అమ్మా" అని, దారం పళ్లతో తెంపాడు.